నడుముకు తుపాకీతో గిరాకీ వస్తే కౌంటర్‌లో మనిషి ఏం చేయాలి?

కాచిగూడ చౌరస్తా నుంచి బడీచౌడీ, సుల్తాన్‌బజార్ మీదుగా ఆబిడ్స్ దాకా నడిస్తే దుకాణాల గోడల మీద బోలెడన్ని బోర్డులు చదువుకోవచ్చు. అరువు అడగరాదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. బయటి తినుబండారాలు తేరాదు. చిల్లర ఇచ్చి సహకరించండి. గిరాకీ ఎట్లా మెలగాలో ఇంత వివరంగా రాసిపెట్టే బజారులో, ఆయుధంతో లోపలికి రావద్దని చెప్పే బోర్డు మాత్రం వెతికినా దొరకడం కష్టం. ఇదేమన్నా అమెరికానా, ఆ బోర్డు మనకెందుకు అని నవ్వేసేవాళ్లు ఉంటారు.

2025 జనవరి 16 తర్వాత ఆ నవ్వు నవ్వడం అంత తేలిక కాదు. ఆ రోజు ఉదయం బీదర్‌లో ఏటీఎంలలో డబ్బు నింపే వాహనం సిబ్బందిపై ఇద్దరు కాల్పులు జరిపి నగదు పెట్టె ఎత్తుకెళ్లారు. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. అదే రోజు సాయంత్రానికి ఆ ఇద్దరూ హైదరాబాద్ చేరి, అఫ్జల్‌గంజ్‌లో ఒక ట్రావెల్స్ ఆఫీసులో రాయ్‌పూర్ వెళ్లేందుకు టికెట్లు తీసుకున్నారు. బ్యాగులు చూడాలని సిబ్బంది అడిగిన చోట వ్యవహారం బెడిసింది. తుపాకీ బయటికి వచ్చింది. ట్రావెల్స్ ఉద్యోగి ఒకరికి బుల్లెట్ గాయాలయ్యాయి. కాచిగూడ నుంచి కోఠి, పుత్లీబౌలి దాటితే వచ్చేదే అఫ్జల్‌గంజ్.

పోలీసుల వేట గురించి, నిందితులు ఏ రాష్ట్రం వాళ్లన్న దాని గురించి పత్రికలు చాలా రాశాయి. మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న వేరు. బ్యాగు విప్పి చూడమని ఆ ఉద్యోగికి ఎవరు నేర్పారు? అందులో తుపాకీ కనబడితే ఏం చేయాలో ఎవరైనా చెప్పారా? మన బజార్లలో బ్యాగు చూసే పని, గేటు దగ్గర నిలబడే పని, రాత్రి డ్యూటీలో కౌంటర్ మీద కూర్చునే పని ఎవరు చేస్తారో ఈ శీర్షిక చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తుపాకీతో వచ్చే గిరాకీ సమస్యను యజమాని ఆస్తి భద్రత సమస్యగా మాత్రమే చూస్తే సగం కథ తప్పిపోతుంది. అది ముందు కార్మికుల ప్రాణాల సమస్య. ఆ వెంటనే కులం సమస్య కూడా.

లైసెన్సు ఉంటే చాలదా?

మన దగ్గర చాలామందికి, కొందరు వకీళ్లకు కూడా, ఒక అపోహ ఉంది. లైసెన్సున్న తుపాకీ అయితే నడుముకు పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు, అడిగే హక్కు ఎవరికీ లేదు అని. తప్పు. 2016 ఆయుధ నిబంధనల్లో 32వది దీని గురించే చెబుతుంది. బహిరంగ ప్రదేశంలో పిస్తోలు, రివాల్వర్ వంటివి తీసుకెళ్లాలంటే ఒంటికి కట్టుకున్న ఒరలోనో, సంచి వంటి దానిలోనో ఉండాలి. పెద్ద తుపాకులకు వాటికి తగిన తొడుగు ఉండాలి. ఏదైనా సరే పూర్తిగా కప్పి ఉండాలి, మోస్తున్న మనిషి అదుపులో ఉండాలి. పెళ్లి, జాతర, ఊరేగింపు, సభ వంటి చోట్ల తుపాకీ ఝళిపించడం, పేల్చడం పూర్తిగా నిషిద్ధం.

అంటే హోటల్లో టేబుల్ మీద పిస్తోలు పెట్టి బిర్యానీ తినే పెద్దమనిషి, చొక్కా పైకెత్తి నడుము చూపించి బేరమాడే రియల్టర్, లైసెన్సు జేబులో ఉన్నా సరే ఆ క్షణంలో నిబంధన తప్పుతున్నట్టే. తుపాకీ బాహాటంగా చూపించుకుని తిరిగే హక్కు భారతదేశంలో లైసెన్సుదారుకు లేదు. కౌంటర్‌లో ఉన్న మనిషికి ముందుగా తెలియాల్సింది ఇదే. వాళ్లు ‘తమ హక్కు’ వాడుకుంటున్నారని అనుకుంటే గొంతు పెగలదు.

విధుల్లో ఉన్న పోలీసుల సంగతి వేరు. ప్రభుత్వం ఇచ్చిన గన్‌మన్ విధుల్లో ఉన్న ఉద్యోగే కాబట్టి చట్టం మినహాయింపు ఇస్తుంది. సొంత ఖర్చుతో పెట్టుకున్న బాడీగార్డుకు ఆ మినహాయింపు లేదు. సఫారీ సూటు వేసుకున్నంత మాత్రాన పోలీసు అయిపోరు. తేడా చూడగానే తెలియదు కదా అంటారు. నిజమే, తెలియదు. తెలుసుకునే పని దుకాణం వాళ్లది కాదు, పోలీసులది.

1959 ఆయుధ చట్టం 19వ సెక్షన్ ప్రకారం లైసెన్సు చూపించమని అడిగే అధికారం పోలీసు అధికారికీ, కేంద్రం ప్రత్యేకంగా అధికారమిచ్చిన అధికారులకే ఉంది. సేల్స్‌మన్ అడగలేడు, అడిగినా చూపించాల్సిన బాధ్యత అవతలివాళ్లకు లేదు. అయితే లోపలికి రానివ్వకుండా ఉండటానికి లైసెన్సు చూడాల్సిన అవసరం లేదు. ఆయుధం ఉన్నవారికి ఇక్కడ సేవ అందించము అని ఒక దుకాణం, ఒక లాడ్జి, ఒక ఫంక్షన్ హాల్ నియమం పెట్టుకోవచ్చు. లైసెన్సు ఉన్నవారికి, లేనివారికి అందరికీ ఒకే నియమం. అప్పుడు వాదన లైసెన్సు మీద నడవదు, బోర్డు మీద నడుస్తుంది.

అఫ్జల్‌గంజ్ ఘటనకు నేరుగా తగిలే రెండు సెక్షన్లు ఇదే చట్టంలో ఉన్నాయి, ఎవరూ వాటి ఊసెత్తరు. 36వ సెక్షన్ ప్రకారం, ఈ చట్టం కింద నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, సహేతుకమైన కారణం లేకపోతే, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు లేదా మేజిస్ట్రేటుకు సమాచారం ఇవ్వాలి. రైలు, బస్సు వంటి వాహనాల్లో పనిచేసేవారికి ఇంకో బాధ్యత కూడా ఉంది. రవాణాలో ఉన్న పెట్టెలో, మూటలో ఆయుధాలు ఉన్నాయని అనుమానం వస్తే చెప్పాలి. 20వ సెక్షన్ ఇంకా ముందుకు పోయి, దుర్మార్గపు ఉద్దేశంతో ఆయుధం మోస్తున్నారని అనుమానించడానికి గట్టి ఆధారం ఉంటే వాహనాల్లో పనిచేసే మనిషి కూడా వారంటు లేకుండా పట్టుకోవచ్చు అంటుంది.

కాగితం మీద క్లీనరుకు కూడా ఇంత అధికారం ఇచ్చారు. మా ఉద్దేశంలో ఆ రెండోది ఎవరూ వాడకూడని అధికారం. నెల జీతం చేతికి రాకముందే అప్పులోళ్లు వచ్చే మనిషి పిస్తోలు పట్టుకున్నవాణ్ణి పట్టుకోవాలని చట్టం ఆశపడితే పడనీ, యూనియన్లు, సంఘాలు మాత్రం ఆ ఆశను ప్రోత్సహించవద్దు. సమాచారం ఇచ్చే బాధ్యత వేరు. అది ప్రాణం భద్రంగా ఉన్న చోటికి చేరాక నెరవేర్చినా చెల్లుతుంది.

ఎవరి బ్యాగు విప్పుతున్నారు?

ఇక్కడినుంచి మాకు భయం మొదలవుతుంది. తుపాకీని ఆపడానికి పెట్టిన నియమం మనిషిని ఆపడానికి వాడుకోవడం మన దేశంలో చిటికెలో జరిగే పని.

2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠిలోని గోకుల్ చాట్‌లో పేలుళ్లు జరిగాయి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగాయి. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చర్యల అమలు చట్టం 2013లోనే వచ్చింది. ఒకేసారి 100 మంది లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలు ప్రవేశం దగ్గర తనిఖీ ఏర్పాట్లు చేయాలి, సీసీ కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డు ఉంచాలి అన్నది దాని సారం. తెలంగాణలో కూడా ఈ చట్టమే నడుస్తోంది. దాని వల్ల బజారు నిండా మెటల్ డిటెక్టర్ చట్రాలు వచ్చాయి. అవి కూత పెడుతూనే ఉంటాయి, జనం నడుస్తూనే ఉంటారు. ఆ కూత విని గార్డు ఎవరిని ఆపుతాడు? కారు దిగిన తెల్లచొక్కాను ఆపడు. డెలివరీ బ్యాగుతో వచ్చిన కుర్రాణ్ణి, అడ్డా మీది కూలీని, టోపీ పెట్టుకున్న ముస్లింను, చేతిసంచితో వచ్చిన ముసలమ్మను ఆపుతాడు. ఆపే గార్డు కూడా చాలాసార్లు మన వాడలవాడే. అతనికి అలా ఆపమని ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు. ఎవరిని ఆపితే ఉద్యోగం పోతుందో మాత్రం బాగా తెలుసు. తుపాకీ ఉండే అవకాశం ఎక్కువున్న నడుము తనిఖీ లేకుండా లోపలికి పోయేది అందుకే.

కాబట్టి నియమం వస్తువు మీద ఉండాలి, మనిషి వాలకం మీద కాదు. ఇది మా కోరిక మాత్రమే కాదు. రాజ్యాంగం 15(2) అధికరణ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి కులం, మతం, జాతి, లింగం, పుట్టిన చోటు పేరుతో అడ్డు పెట్టరాదంటుంది. ఈ అధికరణ ప్రభుత్వాన్నే కాదు, ప్రైవేటు దుకాణందారును కూడా కట్టిపడేస్తుంది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4, 6 సెక్షన్లు అంటరానితనం కారణంగా దుకాణంలోకి రానివ్వకపోవడాన్ని, సరుకు అమ్మకపోవడాన్ని నేరం చేశాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో చేరిన 3(1)(జెడ్ఏ) కూడా దుకాణంలోకి, బహిరంగ స్థలంలోకి ప్రవేశాన్ని అడ్డుకోవడం గురించే. ‘ప్రవేశ హక్కులు యాజమాన్యానివి’ అని రాసుకునే రెస్టారెంట్లకు ఆ హక్కు ఎక్కడ ఆగుతుందో ఈ మూడు చెబుతాయి. ఆయుధం లేని మనిషిని వాలకం చూసి ఆపితే అది భద్రత కాదు, పాత గడప కొత్త పేరుతో వచ్చినట్టు.

ఆచరణలో దీనికి అర్థం చాలా మామూలు. తనిఖీ చేస్తే అందరినీ చేయాలి, లేదా ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం, ఉదాహరణకు ప్రతి అయిదో మనిషిని, చేయాలి. గార్డుకు ‘అనుమానం వస్తే’ అనే మాట ఇవ్వకూడదు. ఆ మాట ఇస్తే అనుమానం ఎటు పోతుందో అందరికీ తెలుసు.

తుపాకీ ఎవరి చేతిలో ఉంది

హైదరాబాద్ బజారుకు ఆయుధం కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి వచ్చిన యాత్రికులు వీధుల్లో బాకులు, తుపాకులు ధరించి తిరిగే మనుషులను చూసి విస్తుపోయి రాశారు. సాహుకార్లు అప్పులు వసూలు చేయడానికి అరబ్బు, రోహిల్లా సిపాయిలను పెట్టుకునేవాళ్లు. అంటే ఆ రోజుల్లో తుపాకీ గిరాకీతో రాలేదు, షావుకారు తరఫున గిరాకీ ఇంటికి పోయింది. పల్లెల్లో అది దొర గడిలో ఉంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ.

నిజం చెప్పాలంటే తెలుగు నేల మీద దళితులను చంపిన ఆయుధాల్లో తుపాకీ ముందువరసలో లేదు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో వాడినవి గొడ్డళ్లు, బరిసెలు, కత్తులు. 1997 డిసెంబరు 1న బిహార్‌లోని లక్ష్మణ్‌పుర్ బాథేలో రణవీర్ సేన 58 మందిని చంపింది మాత్రం తుపాకులతో. మన దగ్గర తుపాకీ చేసే పని సాధారణంగా పేలడం కాదు, కనబడటం. భూమి పంచాయితీలో, కూలి బాకీ అడిగిన చోట, ప్రేమ పెళ్లి చేసుకున్న పిల్లలు తలదాచుకున్న లాడ్జి రిసెప్షన్ దగ్గర, నడుము మీద ఒకసారి చెయ్యి వేస్తే చాలు. ఆ లాడ్జి మేనేజర్ రిజిస్టర్ తిప్పి గది నంబరు చూపిస్తాడా, లేదా అన్నది ఒక జంట ప్రాణాల విషయం. తుపాకీతో వచ్చిన గిరాకీని దుకాణాలు ఎలా ఎదుర్కోవాలన్న ప్రశ్న మన ఉద్యమానికి ఎందుకు సంబంధించిందో అడిగేవాళ్లకు ఇదొక్కటి చాలు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు, 1995లో 3వ నియమం చాలామంది కార్యకర్తలు చదివీ వదిలేసింది. అత్యాచారాలకు ఆస్కారమున్నదని గుర్తించిన ప్రాంతాల్లో ఎస్సీ, ఎస్టీలు కానివారి, వారి దగ్గరి బంధువుల, నౌకర్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సున్న తుపాకులు స్టేషన్లలో జమ చేయించే యంత్రాంగానికి ఇది చేతకాని పని కాదు. 17వ నియమం కింద ఉండే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ సమావేశంలో దీన్ని అజెండాగా పెట్టించాలి. మాకూ లైసెన్సులు ఇవ్వండి అన్న భాగం మీద మాలోనే ఏకాభిప్రాయం లేదు. ముందు వాళ్ల లైసెన్సులు రద్దు చేయించే భాగం అమలయితే చాలన్నది మాలో ఎక్కువమంది మాట.

బోర్డు ఒక్కటే సరిపోతుందా

అమెరికాలో ఈ చర్చ బోర్డుల చుట్టూ నడిచింది. 2016 జనవరి 1 నుంచి టెక్సస్‌లో లైసెన్సున్నవారు పిస్తోలు బాహాటంగా ధరించి తిరగవచ్చు. వద్దనుకునే దుకాణం కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో బోర్డు పెట్టాలి. స్టార్‌బక్స్ 2013లో, ఎల్ పాసో దుకాణంలో మారణకాండ తర్వాత వాల్‌మార్ట్ 2019లో, తుపాకులు బాహాటంగా తేవద్దని గిరాకీలను బతిమాలుకున్నాయి. నిషేధం అనలేదు, విజ్ఞప్తి అన్నారు. గొడవ పడే పని ఆ జీతాల మనుషుల మీద పడుతుందని వాళ్లకు తెలుసు.

ఆ దేశంలోనే ఇంకో సంగతి. 2014 ఆగస్టులో ఒహాయోలోని ఒక వాల్‌మార్ట్‌లో 22 ఏళ్ల నల్లజాతి యువకుడు ఆ దుకాణంలోనే అమ్ముతున్న గాలి తుపాకీని అరలోంచి తీసి పట్టుకుని ఫోన్ మాట్లాడుతూ తిరుగుతున్నాడు. ఇంకో గిరాకీ పోలీసులకు ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి క్షణాల్లో కాల్చి చంపారు. బాహాటంగా నిజం తుపాకీ పట్టుకు తిరిగినా నేరం కాని రాష్ట్రం అది. కాలిఫోర్నియాలో బ్లాక్ పాంథర్లు 1967లో తుపాకులతో శాసనసభకు నడిచి వెళ్లాక, గుండ్లు నింపిన తుపాకీ బయట పట్టుకు తిరగడాన్ని నిషేధిస్తూ ఆ ఏడాదే చట్టం వచ్చింది. తుపాకీ ఎవరి చేతిలో ఉంటే హక్కు, ఎవరి చేతిలో ఉంటే ప్రమాదం అన్నది చట్టం కంటే చర్మం ఎక్కువ నిర్ణయించింది. మన దగ్గర గేటు దగ్గర కూసే చట్రం పక్కన జరిగేది దీనికి చుట్టమే.

తెలుగు విద్యార్థులకు ఇది దూరపు వార్త కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఓలేతలోని బార్‌లో మన ఇంజినీరును చంపినవాడు మొదట దూషించాడు, బయటికి పంపించారు, తుపాకీతో తిరిగొచ్చాడు. బయటికి పంపిన మనిషి తిరిగి రావచ్చు, పంపగానే పోలీసులకు చెప్పాలి, తలుపు మీద కన్నేసి ఉంచాలి అన్న పాఠం అక్కడుంది. 2025 అక్టోబరులో డల్లాస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్‌లో పార్ట్‌టైం చేస్తున్న హైదరాబాద్ దళిత విద్యార్థి తుపాకీకి బలయ్యాడు. రాత్రిపూట నడిచే దుకాణాల కోసం అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా ఇచ్చిన సూచనలు కాచిగూడ స్టేషన్ దగ్గర తెల్లవార్లూ తెరిచుండే టీ కొట్టుకు, మెడికల్ షాపుకు కూడా పనికొస్తాయి. గల్లాలో తక్కువ డబ్బు ఉంచడం, మిగతాది పనివాళ్లు తెరవలేని పెట్టెలో వేయడం, అద్దాల మీద పోస్టర్లు తీసేసి లోపలి కౌంటర్ రోడ్డుకు కనబడేలా ఉంచడం, రాత్రి ఒంటరిగా ఎవరినీ ఉంచకపోవడం.

ఈ చివరిది యజమానులకు నచ్చదు, ఖర్చు కాబట్టి. యూనియన్లు పట్టుబట్టాల్సింది దాని మీదే. ఇంకా ఒకటి రాతపూర్వకంగా తీసుకోవాలి. తుపాకీ కనబడితే అడిగింది ఇచ్చేయాలి, ఎదిరించకూడదు, వెంటపడకూడదు, పోయిన సొమ్ము జీతంలో కోయకూడదు. జీతంలో కోస్తారన్న భయం ఉన్నచోట మనిషి గల్లాపెట్టెకు అడ్డం నిలబడతాడు. పది మంది, అంతకు మించి పనిచేసే దుకాణమైతే ఇఎస్ఐలో పేరుందో లేదో ఇవాళే చూసుకోవాలి. పని చేస్తుండగా, పని కారణంగా తగిలిన బుల్లెట్ కూడా ఉపాధి గాయమే.

బ్యాగులు చూసే ట్రావెల్స్, లాడ్జీల వాళ్లకైతే, టికెట్ కొట్టకముందే తనిఖీ ఉంటుందని గోడ మీద రాయాలి. ఇష్టం లేనివాడు అప్పుడే వెళ్లిపోతాడు. లోపల ఏదైనా కనబడితే దాని పేరు ఎత్తకూడదు, బ్యాగు మూసి ఇచ్చేయాలి, ‘బండి లేటు’ అనో మరోటో చెప్పి పక్కకు తప్పుకున్నాక 112కు ఫోన్ చేయాలి. నేరస్తుణ్ణి పట్టించిన వీరుడిగా పేపర్లో ఫొటో రావాల్సిన పని లేదు.

ఫంక్షన్ హాళ్లకు చట్టం ఒక ఆయుధం ఇచ్చింది. 2019 సవరణతో ఆయుధ చట్టంలో చేరిన 25(9) ప్రకారం పెళ్లిళ్లలో, వేడుకల్లో ఇతరుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా సరదా కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బుకింగ్ కాగితంలోనే ఈ సెక్షన్ రాసి, తుపాకీ బయటికి తీస్తే కార్యక్రమం ఆపేస్తాం, అడ్వాన్సు తిరిగి ఇవ్వం అని సంతకం తీసుకోవచ్చు. బరాత్‌లో బ్యాండు కొట్టేవాళ్లు, లైట్లు మోసేవాళ్లు తూటా దారికి అందరికంటే దగ్గరగా ఉంటారు.

దుకాణం సొంత గార్డు చేతిలోని తుపాకీ సంగతి కూడా అడగాలి. సెక్యూరిటీ ఏజెన్సీలకు నకిలీ లైసెన్సులతో తుపాకులు చేరవేసిన వ్యవహారం 2022లో హైదరాబాద్‌లోనే బయటపడింది. లైసెన్సు తేలకపోతే ముందు జైలుకు పోయేది ఏజెన్సీ యజమాని కాదు, భుజాన మోసిన గార్డు.

చివరగా కేసుల సంగతి. దుకాణంలోనో, లాడ్జిలోనో తుపాకీ చూపించి బెదిరిస్తే ఫిర్యాదులో కేవలం ‘బెదిరించాడు’ అని రాస్తే చాలదు. చంపుతానని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351(3) కిందికి వస్తుంది, ఏడేళ్ల దాకా శిక్ష. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచారాల చట్టం సెక్షన్లు కలపమని అడగాలి. లైసెన్సు షరతులు తప్పినందుకు ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద పడే శిక్ష చిన్నది, ఆరు నెలలు లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తుపాకీ ఉన్నవాడు దానికి భయపడడు. లైసెన్సు పోతుందంటే భయపడతాడు. అందుకే 17వ సెక్షన్ కింద లైసెన్సు సస్పెండు లేదా రద్దు చేయమని లైసెన్సు ఇచ్చే అధికారికి, హైదరాబాద్‌లో అయితే పోలీసు కమిషనర్‌కు, వేరుగా దరఖాస్తు పెట్టాలి. ఎఫ్ఐఆర్ నకలు దానికి జత చేయాలి. సీసీ కెమెరా రికార్డు భద్రపరచమని దుకాణానికి, స్టేషన్‌కు అదే రోజు రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోవాలి. చట్టం అడిగేది 30 రోజుల నిల్వే. ముప్పై ఒకటో రోజు వెళ్తే దుకాణం వాళ్లు చెరిపేయడం కూడా తప్పు కాదు.